ఈ పొద్దుకు సోషలిజం

పలకల గురుస్వామికి ఉన్నది ఒక్కటే తిక్క. గవర్నమెంటు ఏ పని చేసినా అది సోషలిజమో క్యాపిటలిజమో తేలేదాకా ఆయన దాన్ని ముందుకు కదలనిచ్చేవాడు కాదు. రోడ్డు వేస్తుంటే రోలరుకు అడ్డం నిలబడేవాడు. సూది వేయబోతే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఇక నీళ్ల ట్యాంకరు వచ్చిందంటే చెప్పక్కర్లేదు, ట్రాక్టరు ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చునేవాడు. చంకలోని పలక తీసి మోకాళ్ల మీద పెట్టుకుని, బలపం కొన నాలుకకు అద్దుకుని, "ముందు ఇది తేల్చు మనవడా" అనేవాడు.

ఆ మనవడు ఏబేలు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఏబేలుది బేస్తవారిపేట, గురుస్వామిది అర్ధవీడు పక్కన ఎర్రబోడు కాలనీ. ఆ ట్రాక్టరు స్టీరింగు పట్టుకున్న పాపానికి మనవడయ్యాడు. మూడు ఎండాకాలాలు ఆ కాలనీకి నీళ్లు తోలాడు. ఇప్పుడు గిద్దలూరు, మార్కాపురం మధ్య బస్సు నడుపుతున్నాడు. నీ సర్వీసులో నిన్ను ఎక్కువ ఏడిపించింది ఎవరని అడిగితే తడుముకోకుండా గురుస్వామి పేరే చెబుతాడు. ఆ రోజులు మళ్లీ వస్తే బాగుండునని అతనికి ఉంది, పైకి మాత్రం అనడు.

ఎర్రబోడులో బోర్లన్నీ ఎండిపోయిన ఏడాది అది. మధ్యాహ్నం పన్నెండున్నరకు ట్యాంకరు చేరాలి, అరగంటలో నీళ్లు పోసి బయటపడాలి, ఒంటిగంటకు ఇంకో ఊరి ట్రిప్పు అందుకోవాలి. కాంట్రాక్టరు బ్రహ్మం ట్రాక్టరుకు జీపీఎస్ డబ్బా బిగించి మరీ చెప్పాడు. "అరగంట దాటితే ట్రిప్పు కట్. మూడు ట్రిప్పులు కట్టయితే నువ్వు కట్." ఏబేలుకు అప్పుడే పెళ్లయింది. హెవీ లైసెన్సు చేతికి వచ్చేదాకా ఆ ట్రాక్టరు తప్ప వేరే దిక్కు లేదు.

మొదటి రోజు ఇంటికి నాలుగు బిందెల చొప్పున తొలి విడత నిండింది. రెండో విడతకు వెంకటసుబ్బులమ్మ నీలం డ్రమ్ము దొర్లించుకుంటూ అందరికంటే ముందు వచ్చింది. సరిగ్గా అప్పుడు పంచె ఎగ్గట్టుకున్న ఒక ముసలాయన వచ్చి కుళాయి కట్టేసి, ట్రాక్టరు చక్రం దగ్గర చతికిలపడ్డాడు.

"ఎవురిది నాయనా ఈ ట్యాంకరు?"

"గవర్నమెంటుది తాతా."

"బండి మింద బ్రహ్మం అని రాసుండాదే?"

"బండి బ్రహ్మం సారుది. నీళ్లు గవర్నమెంటువి."

"నీళ్లు యాడ పట్టినావు?"

"కంభం కాడ ఒక రైతు బోరులో."

"అంటే నీళ్లు రైతువి."

"రైతు బోరును గవర్నమెంటు బాడిగకు తీసుకున్నాది తాతా."

"బోరు బాడిగ, బండి బాడిగ. మరి నువ్వు?"

"నేను బ్రహ్మం సారు మనిషిని. జీతం ఆయనిస్తాడు."

"ఆయనకెవురిస్తారు?"

"గవర్నమెంటు."

"గవర్నమెంటుకు?"

"అది నాకు తెలీదు తాతా. పక్కకు లేయి, టైమైతాంది."

"మేమిస్తాం రా! సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా పన్ను కడతాండామా లేదా? అంటే మా డబ్బుతో, రైతు బోరులో, బ్రహ్మం బండిలో తెచ్చి, నువ్వు మాకు నీళ్లు ఊరికే పోస్తాండావు. ఇది సోషలిజమా, క్యాపిటలిజమా?"

ఏబేలు జీపీఎస్ డబ్బా వంక చూశాడు. "నీళ్లు తాతా ఇవి. వట్టి నీళ్లు" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"నీ సోషలిజం పాడుగాను, డ్రమ్ము పట్టుకోనియ్ ముసలోడా!" అని వెంకటసుబ్బులమ్మ అందుకుంది. గురుస్వామి ఆమె వైపు కన్నెత్తి చూడలేదు. గోల గోల అయింది. ఆ గోలలోనే పొలం పనికి పోయిన ఆడవాళ్ల ఆటో వచ్చి ఆగింది. వాళ్లూ బిందెలు తెచ్చి పట్టుకున్నారు. ఒంటిగంట దాటి ఇరవై నిమిషాలకు గురుస్వామి లేచి, పంచె దులుపుకుని, పలక మీద పెద్ద అక్షరాలతో ఏదో రాసి అందరికీ తిప్పి చూపించాడు. "ఈ పొద్దుకు సోషలిజం" అని ఉంది. ఎట్లా తేలిందో ఏబేలుకు అర్థం కాలేదు. అతని మొదటి ట్రిప్పు కట్టయిందన్నది మాత్రం బాగా అర్థమైంది.

ఈ తిక్క ఎక్కడ అంటుకుందో గురుస్వామి భార్య అలివేలమ్మ ఒకరోజు ఏబేలుకు మజ్జిగ ఇస్తూ చెప్పింది. గురుస్వామి మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. వయసులో ఉండగా యూనియన్ వాళ్లు ఎక్కడినుంచో ఒక సారును పిలిపించి మూడు సాయంత్రాలు పాఠాలు పెట్టారట. మొదటి సాయంత్రం సోషలిజం అంటే ఏమిటో చెప్పాడు. రెండో సాయంత్రం క్యాపిటలిజం అంటే ఏమిటో చెప్పాడు. ఒకదాన్ని చూసి ఇంకోటనుకోకుండా ఎట్లా గుర్తుపట్టాలో మూడో సాయంత్రం చెప్తానన్నాడు.

"మూడో నాడు ఆ సారు రాలా నాయనా. జరమొచ్చి ఊరికి పోయినాడంట. ఈయన పలక పట్టుకొని షెడ్డు కాడ కూసోని కూసోని ఇంటికొచ్చినాడు. ఆపొద్దు నుంచి కనపడినోళ్లనల్లా అడగతానే ఉండాడు. పెండ్లయిన కొత్తలో నేను సంగటి ముద్ద పెడితే, అందరికీ ఒకే సైజు ముద్దలు ఉండాయా లేదా అని పళ్లేలు తిప్పి చూసేవాడు."

"మరి నువ్వేమన్యావు అవ్వా?"

"రేపట్నుంచి నువ్వే చెయ్యి అన్నా. ఆ దెబ్బకు నా వంటింట్లో ఆ మాట ఎత్తలా."

వంటిల్లు తప్ప మిగతా లోకమంతా ఆయన పలక కిందికి వచ్చింది. పశువుల డాక్టరు ఊళ్లోకి వచ్చి గాలికుంటుకు టీకాలు వేస్తుంటే, గేదె పక్కన నిలబడి మందు తయారుచేసింది ఎవరని అడిగాడు. కంపెనీ వాళ్లన్నాడు డాక్టరు. కొన్నది ఎవరంటే గవర్నమెంటన్నాడు. వేసే చెయ్యి గవర్నమెంటుది, సీసా కంపెనీది, గేదె నాది, అయితే ఈ గేదె ఇప్పుడు దేని కిందికి వస్తుందని నిలదీశాడు. గేదెకు అటువంటి అనుమానాలు ఏమీ లేవు. తాడు తెంచుకుని చెలకల్లోకి పోయింది. దాన్ని పట్టుకొచ్చేసరికి గంట పట్టింది.

ఇంకోసారి గ్రామసభకు పెద్ద ఆఫీసరు ఒకాయన వచ్చాడు. బాగా చదువుకున్నవాడు, ఓపిక ఉన్నవాడు. గురుస్వామి ప్రశ్న విని నవ్వి, "మనది రెండూ కాదు పెద్దాయనా. మిశ్రమ ఆర్థిక వ్యవస్థ" అన్నాడు. సభ మొత్తం హమ్మయ్య అనుకుంది.

"మిశ్రమం అంటే ఏంది సారూ?"

"రెండూ కలిపి."

"ఏదెంత?"

"అట్లా కొలత ఉండదండీ."

"మా ఇంటామె మజ్జిగలో నీళ్లు ఎంత కలిపినాదో తాగేటోణ్ణి నాకే తెలస్తాది. మీరు కలిపేటోళ్లు. మీకు తెలీకపోతే ఎట్ల సారూ?"

ఆఫీసరు గ్లాసులోని మంచినీళ్లు తాగి, ఇంకో గ్రామసభ ఉందని లేచాడు.

రెండో ట్రిప్పు కూడా కట్టయ్యాక ఏబేలు భయపడి బ్రహ్మానికి ఫోన్ చేశాడు. "ఎవడా ముసలాయన? నేనే వచ్చి లేపుతా" అని బ్రహ్మం బుల్లెట్ మీద దిగాడు. గురుస్వామి కూర్చున్నచోటు నుంచి కదలకుండా, "నువ్వేనా బ్రహ్మం? రా నాయనా, నీ కోసమే చూస్తాండా. ఎండాకాలం గవర్నమెంటు నీ కాడ బండి తీసుకుంటాది. వానాకాలం నువ్వు గవర్నమెంటు కాడ రైతు సబ్సిడీ తీసుకుంటావు. ఎవురు ఎవుర్ని సాకతాండారు?" అని మొదలుపెట్టాడు. పది నిమిషాలకు బ్రహ్మం నుదురు తుడుచుకుంటూ ఏబేలును పక్కకు పిలిచాడు.

"ఈయన కాడ ఎంత టైమైనా కానీ. నన్ను మాత్రం మళ్లీ పిలవద్దు."

ఆ రోజు నుంచి ఆలస్యానికి కారణం రాసేచోట 'గురుస్వామి' అని రాస్తే సరిపోయేది. టైరు పంచరు, ఇంజను వేడెక్కింది, గురుస్వామి. ట్యాంకర్లను కంప్యూటర్లో చూసుకునే అమ్మాయి ఫోన్ చేసి, "ఎర్రబోడు కాడ బండి ఎందుకు ఆగిందన్నా?" అనేది. "గురుస్వామి మేడమ్" అనేవాడు ఏబేలు. "ఓ" అని పెట్టేసేది.

ఉద్యోగం నిలిచింది కానీ ఏబేలుకు పౌరుషం వచ్చింది. మార్కాపురం బస్టాండులో పోటీ పరీక్షల గైడు ఒకటి కొన్నాడు. సీటు కింద పెట్టుకుని, నీళ్లు నిండేటప్పుడు చదివేవాడు. ఉత్పత్తి సాధనాలు, ప్రణాళికలు, పెట్టుబడుల ఉపసంహరణ, సంక్షేమ రాజ్యం అన్నీ బట్టీ పట్టాడు. ఒకరోజు గురుస్వామి కూర్చోవడం ఆలస్యం, దిగి నిలబడి చేతులు కట్టుకుని చెప్పాడు. "తాతా, యజమాని ప్రైవేటోడైతే అది క్యాపిటలిజం. అందులోంచి పన్ను తీసి పేదోళ్లకు పంచితే దాన్ని సంక్షేమం అంటారు. సంక్షేమం ఉన్నంత మాత్రాన సోషలిజం కాదు. కాబట్టి ఇది క్యాపిటలిజమే, కాకపోతే కాస్త జాలిగుండెది. అయిపోయింది, లేయి."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గురుస్వామి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన ఏబేలు భుజం మీదుగా రోడ్డు వైపు చూశాడు. రోడ్డు మీద దుమ్ము కూడా లేవడం లేదు.

"అది సరే మనవడా" అన్నాడు. "మరి దొనకొండలో రైలుండాది కదా. రైలు గవర్నమెంటుది. ఎక్కాలంటే టికెట్టు కొనాల. మరి అదేంది?"

రైలు దగ్గర మొదలుపెట్టి పోస్టాఫీసుకు, పోస్టాఫీసు నుంచి కరెంటు స్తంభానికి వచ్చారు. ఒంటిగంటా ఇరవై అయింది. ఏబేలు గైడు తెచ్చి తప్పు చేశాననుకున్నాడు. తను ఎంత బాగా జవాబు చెబితే అంత ఆలస్యం అవుతోంది. పైగా పలక మీద తీర్పు కూడా అతని జవాబుతో ఏ సంబంధమూ లేకుండా వచ్చేది. బాగా వాదించిన రోజు సోషలిజం, నోరు మూసుకుని కూర్చున్న రోజూ సోషలిజం. ఎప్పుడో ఒకసారి మాత్రం పలక మీద 'ఈ పొద్దుకు క్యాపిటలిజం' అని రాసి, అన్నం కూడా తినకుండా పడుకునేవాడని అలివేలమ్మ చెప్పేది.

మూడో ఎండాకాలం గురుస్వామికి కంటి ఆపరేషన్ అయింది. మార్కాపురంలో చేయించారు. కన్ను ఆయనది, ఆసుపత్రి ప్రైవేటువాళ్లది, ఖర్చు గవర్నమెంటు కార్డుది కాబట్టి డాక్టరుకు ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ రోజు ఏబేలు ఎర్రబోడుకు పాట పాడుకుంటూ వెళ్లాడు. చక్రం దగ్గర ఎవరూ లేరు. తొలి విడత నిండింది, రెండో విడత నిండింది. వెంకటసుబ్బులమ్మ డ్రమ్ము కూడా మూతి దాకా నిండింది. ఇరవై రెండు నిమిషాల్లో ట్యాంకరు ఖాళీ. మూడేళ్లలో అటువంటి రోజు లేదు.

ఊరు దాటి చాలా దూరం వచ్చాక మలుపు తిరుగుతుంటే ఎదురుగా ఆటో వచ్చింది. అందులో పన్నెండు మంది ఆడవాళ్లు, తెల్లవారుజామున మిరప కోతకు పోయి తిరిగొస్తున్నవాళ్లు, ఒకరి మీద ఒకరు కూర్చుని ఉన్నారు. ట్రాక్టరు వెనక ట్యాంకరు ఎగిరెగిరి పడుతూ ఖాళీగా మోగుతోంది. ఆ చప్పుడు విని రత్నమ్మ అనే ఆమె తల బయటకు పెట్టి ఆటో ఆపించింది. ఏబేలు తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"ఈపొద్దు తాత లేడా నాయనా?" అని మాత్రం అడిగింది.

ఏబేలు బ్రేకు మీద కాలు వేసి అట్లాగే ఉండిపోయాడు. మూడేళ్లుగా తన కళ్లముందు జరిగిందంతా అప్పుడు అర్థమైంది. ముసలాయన ఎప్పుడూ మొదట కూర్చోలేదు, తొలి విడత అందరికీ అందాకే కూర్చున్నాడు. ఎప్పుడూ ఆటో వచ్చాకే లేచాడు. పలక మీద క్యాపిటలిజం అని పడిన రోజులు, ఆటో పంచరై రెండింటికి వచ్చిన రోజులు. ఆమె మొహం చూడలేక ఏబేలు స్టీరింగు వంక చూశాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

ఆ సాయంత్రమే మార్కాపురం వెళ్లాడు. గురుస్వామి ఒక కంటికి పట్టీ కట్టుకుని, రెండో కంటితో ఆసుపత్రి గోడ మీద బోర్డు చదువుతున్నాడు.

"తాతా, నువ్వు మూడేండ్లు నన్ను ఆపింది ఆటో కోసమేనా?"

"ఏ ఆటో?"

"నాటకాలొద్దు. రత్నమ్మక్క కనపడినాది."

గురుస్వామి బోర్డు మీంచి చూపు తిప్పలేదు. "నీళ్లు దొరికినాయా వాళ్లకు?"

"లేదు తాతా."

"సరేలే. నీకు తెలీదు కదా."

"నాతో చెప్పొచ్చు కదా! నేనే ఆపేటోణ్ణి."

"నువ్వు ఆపితే అది నీ తప్పయితాది. బ్రహ్మం నిన్ను పీకేస్తాడు. నేను అడ్డం పడితే అది నా తిక్క. తిక్కకు ఎవురూ మెమో ఇయ్యరు."

"పోనీ ఊళ్లోవాళ్లకు చెప్పొచ్చు."

"చెప్పి చూసినా. వాళ్లు ఆలస్యంగా వస్తే మేమేం చేసేదని సుబ్బులమ్మ అడిగినాది. న్యాయం చెప్తే ఎదురు న్యాయం చెప్తారు మనవడా. తిక్కోడైతే కాసేపు తిట్టి ఊరుకుంటారు."

"మరి ఆ సోషలిజం అదీ, అంతా ఉత్తదేనా?" అన్నాడు ఏబేలు.

గురుస్వామికి కోపం వచ్చింది. పట్టీ లేని కన్ను ఎర్రబడింది. "ఉత్తదేంది? అది నిజంగానే తెలీదు నాకు! మూడో పాఠం వినలా కదా. బండి ఎవురిది, బోరు ఎవురిది అని ఎంత తవ్వినా తేలలా. అందుకే ఆఖరి బిందె నిండిందా లేదా చూసి రాసుకుంటాండా. తప్పో ఒప్పో తెలిసినోళ్లు ఎవురన్నా వచ్చి చెప్తే దిద్దుకుంటా."

మర్నాడు ఏబేలు ట్రాక్టరును ఎర్రబోడు దాకా మామూలుగా నడిపాడు కానీ, రెండో విడత మొదలవగానే కుళాయి దాకా వెళ్లి ఆగాడు. తాను ఆపితే జీపీఎస్ డబ్బాలో పడుతుంది. ఆపకపోతే రత్నమ్మ మొహం కనపడుతుంది. ఏం చేయాలో తేల్చుకునేలోపే అలివేలమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వచ్చి, కుళాయి కట్టేసి, చక్రం దగ్గర కూర్చుంది. ఒళ్లో పలక ఉంది, తలకిందులుగా.

"నాయనా ఏబేలూ, నాకు చదువు రాదు. ఆ పేర్లు కూడా నోరు తిరగవు. ఇది ఆయన చెప్పే మొదటిదా, రెండోదా? తేల్చు."

ఏబేలు వెంకటసుబ్బులమ్మ వైపు భయంగా చూశాడు. ఖాళీ బిందెలతో నిలబడ్డ పన్నెండు మందినీ ఆమె నిన్న కళ్లారా చూసి ఉంది. డ్రమ్మును ఒక తన్ను తన్ని నీడలోకి దొర్లించి, బోర్లించి, దాని మీద కూర్చుంది.

"నువ్వు చెప్పవా, నేను చెప్తా" అంది. "ముమ్మాటికీ రెండోదే! కాదనేటోళ్లు రాండి, ఆటో వచ్చిందాక నేను వాదిస్తా!"

తర్వాత కాలనీకి పైపులు వచ్చాయి, కుళాయిలు వచ్చాయి. ట్యాంకరు పని లేకపోయింది. ఏబేలుకు హెవీ లైసెన్సు వచ్చింది. గురుస్వామి కుళాయిని కూడా వదల్లేదని, తిప్పిన ప్రతిసారీ దాన్ని ప్రశ్న అడుగుతున్నాడని వినేవాడు. పోయినేడు ఒక ఉదయం నిద్రలోనే పోయాడు. పన్నెండుకల్లా ఎత్తాలని పెద్దలన్నారు. అలివేలమ్మ ససేమిరా అంది. "ఆటో వచ్చిందాక ఆగండి" అంది. ఒంటిగంటా ఇరవైకి ఆటో వచ్చింది, పన్నెండు మందీ దిగారు, అప్పుడు లేపారు. మోసినవాళ్లలో ఏబేలు ఒకడు.

ఆ రోజు అలివేలమ్మ పలక తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఏబేలు కళ్లు తుడుచుకుని, "అవ్వా, పశువుల డాక్టరును ఆపింది కూడా ఎవురి కోసమో కదా?" అన్నాడు.

"మేకలోళ్లు కొండ దిగేదానికి."

"మరి రోలరు?"

అలివేలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రోలరు కాడ మాత్రం వట్టి తిక్కే నాయనా" అంది.

ఇప్పుడు ఆ పలక ఏబేలు బస్సులో, ముందు అద్దం పక్కన, ఏసుప్రభువు బొమ్మ కింద ఉంటుంది. మొన్న బేస్తవారిపేట స్టాండులో బండి కదలబోతోంది. కండక్టరు హేమలత రైట్ చెప్పింది. ఏబేలు పక్క అద్దంలో చూశాడు. దూరంగా, సందు మొదట్లో, నెత్తిన మూటలతో నలుగురు ఆడవాళ్లు పరుగెత్తుకొస్తున్నారు. అతను ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

"హేమలతమ్మా, నాదొక అనుమానం."

"టైమైపోయిందన్నా, ఇప్పుడేం అనుమానం?"

"బస్సు ఓనరు ప్రైవేటాయన. నేను ఆయన మనిషిని. నువ్వు గవర్నమెంటు మనిషివి. ఆడోళ్లకు టికెట్టు ఊరికే. ఇది సోషలిజమా, క్యాపిటలిజమా?"

బస్సంతా ఒక్కసారి గొల్లుమంది. ఊరికే ఎందుకియ్యాలని ఒకాయన లేచాడు. నీ సొమ్మేం పోయిందని ఒకామె తగులుకుంది. యజమాని ఎవరో చూడాలని ఒక కుర్ర లెక్చరరు సర్దిచెప్పబోయాడు, ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు. "ఈ డ్రైవరుకు తిక్కంట నాయనా, దినామూ ఇంతే" అని వెనక సీటులో ఎవరో అనడం ఏబేలుకు స్పష్టంగా వినపడింది. చాలా సంతోషం వేసింది.

మూటలతో నలుగురూ ఆయాసపడుతూ ఎక్కారు. ఆఖరి ఆమె రెండో కాలు కూడా మెట్టు మీద పెట్టింది.

"ఇంతకీ ఏందన్నా అది?" అంది హేమలత, నవ్వాపుకుంటూ. "తేలిందా?"

ఏబేలు పక్క అద్దంలో రోడ్డు ఖాళీగా ఉందని ఇంకోసారి చూసుకుని, ఇంజను స్టార్ట్ చేశాడు.

"ఈ పొద్దుకు సోషలిజం" అన్నాడు. "ఇంక పోదాం పా."